జైలు గేటు దాటాక ఆధార్, సిమ్, బ్యాంకు, ఓటు: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పారా లీగల్ వాలంటీర్‌ని, అంటే న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి చట్టం పనుల్లో సాయం చేసేవాణ్ని. చంచల్‌గూడ జైలు ముందు ములాఖత్ కోసం, అంటే లోపలున్నవాళ్లను కలవడానికి, వచ్చినవాళ్లతో చాలా ఉదయాలు కూర్చున్నాను. అక్కడ నన్ను అందరూ ముందు అడిగేది బెయిల్ ఎప్పుడొస్తుందని. దానికి లాయర్ జవాబు చెప్పాలి. ఆ తర్వాత ఎక్కువగా అడిగేది ఆధార్ గురించి. "మావోడు రేపు బయటికొస్తుండు, జేబుల ఒక్క కాగితం లేదు, ఏం చెయ్యాలె అన్నా?" అని. చంచల్‌గూడ అయినా, చర్లపల్లి అయినా, మహిళా జైలు అయినా ఇదే గొడవ. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరికి ఇలా రాసిపెడుతున్నాను.

బయటికొచ్చాక మొట్టమొదట ఏ ఆఫీసుకు వెళ్లాలి?

ఆధార్ సెంటర్‌కు. బ్యాంకుకు కాదు, పోలీస్ స్టేషన్‌కూ కాదు.

చాలామంది తమ డబ్బు అక్కడుంది కదా అని మొదటి రోజే బ్యాంకుకు పోతారు. బ్యాంకులో ఆధార్ అడుగుతారు. నెట్ సెంటర్‌కు పోయి ఆధార్ డౌన్‌లోడ్ చేయమంటే ఓటీపీ పాత నంబరుకు పోతుంది. ఆ నంబరు సిమ్ కోసం మొబైల్ షాపుకు పోతే మళ్లీ ఆధారే అడుగుతారు. మూడు చోట్లా తిరిగేసరికి సాయంత్రమవుతుంది, చేతిలో బస్సు టికెట్లు మిగులుతాయి.

ఈ చిక్కుముడి విడిపోయే చోటు ఒక్కటే. ఆధార్ సెంటర్‌లో మీ వేలిముద్ర, కంటిపాప చూసి మీ రికార్డును బయటికి తీయగలరు. దానికి పాత కార్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. కాబట్టి వరస ఇది: వేలిముద్రతో ఆధార్ ప్రింటు తీయించుకోండి. ఆ ప్రింటుతో కొత్త సిమ్ తీసుకోండి. మళ్లీ ఆధార్ సెంటర్‌కే వెళ్లి ఆ కొత్త నంబరును ఆధార్‌కు కలపండి. ఆ తర్వాత బ్యాంకు, రేషన్, ఓటు, లైసెన్సు, మీ ఇష్టం. మొబైల్ నంబరు మార్చడానికి ఏ కాగితమూ చూపించాల్సిన పని లేదు, వేలిముద్ర చాలు. ఫీజు ఎంతో సెంటర్‌లో బోర్డు మీద ఉంటుంది, అంతే కట్టి రసీదు అడిగి తీసుకోండి.

నగరంలో మాదాపూర్‌లో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సొంత ఆధార్ సేవా కేంద్రం ఉంది. కొన్ని బ్యాంకు బ్రాంచీలు, పోస్టాఫీసులు, మీ సేవా కేంద్రాల్లో కూడా ఆధార్ కౌంటర్లున్నాయి. పాత బస్తీ నుంచి మాదాపూర్ దాకా పోవడం దండగ అనుకుంటే ముందు దగ్గర్లోని పోస్టాఫీసులో అడిగి చూడండి.

ఆధార్ నంబరే గుర్తు లేదు. అప్పుడెలా?

పేరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ చెప్పి వేలిముద్ర వేస్తే సెంటర్‌లో వెతికి తీస్తారు. అయితే వివరాలు ఆధార్‌లో ఉన్నట్టే చెప్పాలి. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు అప్పట్లో ఎన్‌రోల్ చేసిన ఆపరేటర్ జనవరి 1 వేసేసి ఉండొచ్చు. మన బస్తీల్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు మరి! అసలు తేదీతో దొరక్కపోతే దాన్ని కూడా ప్రయత్నించమనండి.

దానికంటే తేలికైన దారి ఇంట్లో వెతకడం. రేషన్ కార్డు కాగితాలు, గ్యాస్ బుక్కు, బ్యాంకు పాస్‌బుక్కులో పెట్టిన జిరాక్సు, పిల్లల స్కూల్ అడ్మిషన్ ఫారం, ఆరోగ్యశ్రీ కోసం ఆస్పత్రిలో ఇచ్చిన కాపీ, వీటిలో ఎక్కడో ఒకచోట పన్నెండు అంకెలు దొరుకుతాయి. 1947 కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. స్వాతంత్య్రం వచ్చిన సంవత్సరం, గుర్తుపెట్టుకోవడం తేలిక.

కొత్తగా ఇంకో ఆధార్ తీసుకుంటే పోదా?

పోదు. మీ వేలిముద్రలు ఇదివరకే లోపలున్నాయి కాబట్టి కొత్త దరఖాస్తు తిరస్కరిస్తారు. ఆ సంగతి తెలిసేసరికి రోజులు పోతాయి. ఒకసారి తీసుకుని ఉంటే, అది ఎంత పాతదైనా, ఏ జిల్లాలో తీసుకున్నదైనా, దాన్నే బయటికి తీయాలి.

వేలిముద్రలు పడటం లేదు అంటున్నారు.

సెంట్రింగ్ పని, సిమెంటు పని చేసినవాళ్లకు ఇది మామూలే. ఒకసారి ఒక మేస్త్రీతో వెళ్లాను. ఆయన కుడి బొటనవేలు పెట్టాడు, మిషన్ ఎర్రగా వెలిగింది. ఎడమది పెట్టాడు, మళ్లీ ఎరుపే. ఆపరేటర్ అమ్మాయి టేబుల్ కింద నుంచి తడిగుడ్డ తీసి, "బాబాయ్, తుడుచుకుని మళ్లీ పెట్టండి, ఈసారి కొంచెం గట్టిగా ఒత్తకుండా" అంది. పది వేళ్లూ ఒక్కొక్కటే పెట్టించింది. ఉంగరం వేలు పడింది. ఆ మిషన్ మీద పచ్చ వెలుగు చూసి ఆయన చేతిని అలాగే చాలాసేపు ఉంచేశాడు, తీస్తే పోతుందేమో అన్నట్టు.

వేళ్లేవీ పడకపోతే కళ్లు ఉన్నాయి. ఐరిస్ మిషన్ ప్రతి ఎన్‌రోల్‌మెంట్ సెంటర్‌లోనూ ఉంటుంది, అడగండి. ఆపరేటర్ "రేపు రండి" అంటే "ఐరిస్‌తో చూడండి మేడం" అని ఒక్క మాట అనండి. చాలాసార్లు రేపటి పని ఇవాళే అవుతుంది. తర్వాత బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకుంటే రేషన్ షాపులో కూడా తిప్పలు తప్పుతాయి.

నా పాత ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరో వాడుతున్నారు. ప్రమాదమా?

ప్రమాదమే. అసలు ఈ మొత్తం వ్యవహారంలో తలుపు తాళం ఆధార్ కార్డు కాదు, ఆ ఫోన్ నంబరు. ఒక ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. కొన్నాళ్లకు అది వేరే మనిషికి పోతుంది. మీ బ్యాంకు ఓటీపీలు, ఆధార్ ఓటీపీలు ఆ కొత్త మనిషి ఫోన్‌లో మోగుతాయి. కాబట్టి ఆధార్‌లో నంబరు మార్చిన రోజే బ్యాంకులో కూడా రాతపూర్వకంగా మార్పించండి. ఆధార్‌లో మారితే బ్యాంకులో దానంతటదే మారదు.

లోపల ఉన్నవాళ్ల ఇంటివాళ్లకు ఒక మాట. నంబరులో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే, 90 రోజులు వాడకపోయినా ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. ఫోన్ పోలీసుల దగ్గరున్నా సరే, మీ ఫోన్ నుంచి ఆ నంబరుకు రీచార్జ్ చేస్తూ ఉండండి. నెలకు ఆ కాస్త డబ్బు తర్వాత వారం రోజుల తిరుగుడు తప్పిస్తుంది. కేసులో పట్టుకున్న ఫోన్ ల్యాబ్‌కు పోయి ఏళ్ల తరబడి రాకపోయినా, నంబరు బతికుంటే మనిషి బయటికొచ్చాక డూప్లికేట్ సిమ్ తీసుకోవచ్చు.

అరెస్టు చేసినప్పుడు పోలీసులు పర్సు, ఆధార్, లైసెన్సు తీసుకున్నారు. తిరిగి ఇవ్వరా?

ఇది నన్ను చాలామంది అడిగే ప్రశ్న, జవాబు కాస్త పొడుగు.

మనిషిని అరెస్టు చేసి ఒళ్లు సోదా చేసినప్పుడు దొరికిన వస్తువులు ఏమేం తీసుకున్నారో రసీదు ఇవ్వాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 51వ సెక్షన్ అదే చెప్పింది, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 49వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. ఆ రసీదు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉందేమో చూడండి. "ఎక్కడో సంతకం పెట్టించుకున్రు సార్, చదవలే" అనేవాళ్లే ఎక్కువ. అప్పుడు లాయర్ దగ్గరున్న కేసు కట్టలో పంచనామా, సీజర్ లిస్టు (పోలీసులు పట్టుకున్న వస్తువుల జాబితా) చూడాలి.

లిస్టులో ఆధార్, లైసెన్సు లేకపోతే అవి కేసుకు సంబంధం లేని సొంత వస్తువులు. స్టేషన్ ఇన్‌చార్జి, అదే ఎస్‌హెచ్‌ఓ పేరిట ఒక అర్జీ రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని అడగండి. లిస్టులో ఉంటే అది కేసు ప్రాపర్టీ. కోర్టులో పిటిషన్ వేయాలి. విచారణ నడుస్తుంటే బీఎన్ఎస్ఎస్ 497, పోలీసులు పట్టుకుని కోర్టుకు ఇంకా అప్పగించకపోతే 503. సీఆర్‌పీసీలో పాత నంబర్లు 451, 457. కేసు ముగిసిపోయి ఉంటే 498 కింద. స్టేషన్లలో వస్తువులు ఏళ్ల తరబడి మగ్గిపోకూడదని, త్వరగా తేల్చేయాలని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాంపల్లి కోర్టుల్లో లాయర్లకు ఈ తీర్పు కంఠతా వచ్చు.

నా సొంత అభిప్రాయం అడిగితే, ఒక్క ఆధార్ కార్డు కోసం పిటిషన్ వేయకండి. దాని ప్రింటు వేలిముద్రతో కొన్ని నిమిషాల్లో వస్తుంది. పిటిషన్ ఒరిజినల్ సర్టిఫికెట్లు, బండి ఆర్సీ, పాస్‌పోర్ట్ లాంటివి ఇరుక్కున్నప్పుడు వేయండి. ఒక స్టేషన్‌లో ఒకాయన పర్సు కోసం నేను నాలుగుసార్లు తిరిగాను. అయిదోసారి అది బీరువా మీద పాత కేలండర్ల కింద దొరికింది. లోపల ఆధార్ ఉంది, మడతల్లో చిరిగి అంకెలు సగం పోయాయి.

జైల్లో చేరేటప్పుడు అప్పగించిన వస్తువుల సంగతి?

అవి రిజిస్టర్‌లో రాసి ఉంటాయి, విడుదల రోజు గేటు దగ్గర సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఒక ప్లాస్టిక్ కవర్, అందులో వాచీ, బెల్టు, ఎప్పటిదో బస్ పాస్. ఆ సమయంలో మనిషి ధ్యాసంతా బయట నిలబడ్డ తల్లి మీదో పిల్లల మీదో ఉంటుంది. సంతకం గబగబా గీకేస్తారు. దయచేసి ఆ రెండు నిమిషాలు ఆగి, రాసిందేమిటో, కవర్లో ఉన్నదేమిటో సరిచూసుకుని సంతకం పెట్టండి. పెట్టాక మళ్లీ అడిగితే కష్టం.

విడుదల కాగితం, అదే రిలీజ్ సర్టిఫికెట్, చేతికి రాగానే ఎదురుగా ఉన్న షాపులో నాలుగు జిరాక్సులు తీయించండి. అది చిరునామా రుజువుగా అన్నిచోట్లా చెల్లదు గానీ, ఇన్నాళ్లు ఎక్కడున్నారో, ఖాతా ఎందుకు వాడలేదో అడిగే ప్రతి ఆఫీసులోనూ పనికొస్తుంది.

అసలు ఎప్పుడూ ఆధార్ తీసుకోనేలేదు. జైల్లో ఉండగానే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, లోపలున్నప్పుడే తీసుకోవాలి కూడా. ఎందుకంటే మీరు ఖైదీగా ఉన్నంతకాలం మీకొక ప్రత్యేకమైన కాగితం దొరుకుతుంది. ఈ-ప్రిజన్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ నుంచి తీసి, జైలు అధికారి సంతకం, ముద్ర వేసిన ప్రిజనర్ ఇండక్షన్ డాక్యుమెంట్. జైల్లో దాన్ని పీఐడీ అంటారు. ఖైదీల ఆధార్ ఎన్‌రోల్‌మెంట్‌కైనా, మార్పులకైనా దీన్ని రుజువుగా ఒప్పుకుంటామని యూఐడీఏఐ చెప్పింది, ఆ సంగతి కేంద్ర హోం శాఖ అన్ని రాష్ట్రాలకూ రాసింది. బయటికొచ్చాక ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, అన్నింటికీ వేరే రుజువులు వెతుక్కోవాలి. అదీగాక 18 ఏళ్లు దాటినవాళ్ల కొత్త ఆధార్‌కు రాష్ట్ర స్థాయిలో పరిశీలన ఉంటుంది, నెలలు పట్టొచ్చు. ఆ నెలలు లోపలే గడిచిపోతే మంచిది కదా.

ఎలా అడగాలి? సూపరింటెండెంట్ పేరిట తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. రాయడం రాకపోతే జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు వచ్చే వాలంటీర్‌తో రాయించండి. ఇంటివాళ్లయితే ములాఖత్‌కు వచ్చినప్పుడు వెల్ఫేర్ ఆఫీసర్‌ను అడగండి. ఒకరు అడిగితే పక్కన పెడతారేమో, పదిమంది కలిసి అడిగితే ఆధార్ కిట్ లోపలికి తెప్పించడం అధికారులకూ తేలిక. విడుదలకు మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. కొత్త ఎన్‌రోల్‌మెంట్ ఉచితం.

ఆధార్‌లో నేను జైల్లో ఉన్నట్టు కనిపిస్తుందా?

కేసు, శిక్ష, ఖైదీ నంబరు, ఇవేవీ ఆధార్‌లో ఉండవు. ఒక్క చిరునామా గళ్లు జాగ్రత్తగా చూసుకోండి. ఎన్‌రోల్‌మెంట్ అయ్యాక స్లిప్ ఇచ్చే ముందు స్క్రీన్ మీద వివరాలు చూపిస్తారు. అక్కడ చంచల్‌గూడ అని మాత్రమే ఉందో, జైలు అనే మాట కూడా పడిందో, ఇంటి చిరునామా ఉందో చదవండి. చదువు రాకపోతే చదివించుకోండి. ఒకవేళ తప్పు పడినా భయం లేదు. చిరునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పేరును మాత్రం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీని ఒక్కసారే.

జైలు రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంది.

ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. ఎఫ్ఐఆర్‌లో బస్తీలో పిలిచే పేరు రాస్తారు, పక్కన అలియాస్ అని ఇంకో పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఒకచోట ఇనిషియల్, ఇంకోచోట పూర్తి పేరు. ఎఫ్ఐఆర్‌లో పడ్డది రిమాండ్ వారెంట్‌లోకి, అక్కడి నుంచి జైలు రిజిస్టర్‌లోకి నడుస్తుంది. తండ్రి పేరు తప్పు పడితే అది కూడా అంతే.

విడుదల కాగితం మీద పేరు ఆధార్‌తో కలవకపోతే బ్యాంకులో "ఇద్దరూ ఒకరే" అని అఫిడవిట్ అడుగుతారు. నోటరీ దగ్గర చేయించొచ్చు. అంతకంటే మంచిది, అరెస్టయిన కొత్తల్లోనే లాయర్‌కు ఆధార్ జిరాక్సు ఇచ్చి కోర్టు రికార్డులో పేరు సరి చేయమనడం. పేరు కోసం ఆధార్‌ను ఎఫ్ఐఆర్‌కు తగ్గట్టు మార్చుకోబోకండి. ఒకాయన అలా అడిగితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఉన్న ఇల్లు ఖాళీ చేశారు. చిరునామా రుజువే లేదు.

మూడు దారులు. మొదటిది, తల్లో తండ్రో భార్యో భర్తో ఎవరి ఆధార్‌లో సరైన చిరునామా ఉందో వాళ్ల సమ్మతితో అదే చిరునామాకు మారొచ్చు. కుటుంబ పెద్ద ఆధారంగా మార్పు అంటారు, 2023 నుంచి ఉంది. బంధుత్వం చూపే కాగితం కావాలి, పాత రేషన్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉంటే సరిపోతుంది. రెండోది, యూఐడీఏఐ నమూనా సర్టిఫికెట్. దాని మీద ఫొటో అంటించి ఎమ్మెల్యేతో గానీ, తహసీల్దార్‌తో గానీ, గ్రూప్ ఏ గెజిటెడ్ అధికారితో గానీ సంతకం, ముద్ర వేయించాలి. మూడు నెలలే చెల్లుతుంది, సంతకమయ్యాక బీరువాలో పెట్టి మరిచిపోకండి. మూడోది, గుర్తింపు పొందిన ఆశ్రయ గృహంలో ఉంటే అక్కడి సూపరింటెండెంట్ లేదా వార్డెన్ ఇచ్చే సర్టిఫికెట్.

ఎమ్మెల్యే ఆఫీసుకు ఉదయమే వెళ్లండి. "జైలు నుంచి వచ్చాడు" అని అక్కడ గుంపులో గట్టిగా చెప్పాల్సిన పని లేదు, సర్టిఫికెట్‌లో ఆ గడి లేదు.

బ్యాంకు ఖాతా సంగతేమిటి?

ఖాతా ముందే ఉండి, రెండేళ్లకు పైగా వాడకపోతే అది ఇన్ఆపరేటివ్ అయి, అంటే వాడకం ఆగిపోయి, ఉంటుంది. డబ్బు ఎక్కడికీ పోదు. కేవైసీ, అంటే గుర్తింపు, చిరునామా కాగితాలు, ఇస్తే మళ్లీ తెరుస్తారు, దానికి చార్జీ తీసుకోకూడదు. పదేళ్లు దాటితే సొమ్ము రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది, అప్పుడు కూడా మీ బ్యాంకులోనే అడిగి తిరిగి పొందొచ్చు.

ఖాతా లేనివాళ్లకు చాలామంది బ్యాంకు ఉద్యోగులకే తెలియని నియమం ఒకటుంది. ఏ గుర్తింపు కాగితమూ లేనివాళ్లకు స్మాల్ అకౌంట్ తెరవొచ్చని రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లోనే ఉంది. ఫొటో ఇచ్చి, బ్యాంకు అధికారి ముందు సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. జైల్లో ఉన్నవాళ్లయితే జైలు అధికారి ముందు వేయాలి, ఆయన ధ్రువీకరించాలి, ఏటా చిరునామా సర్టిఫికెట్ ఇస్తుండాలి. పరిమితులున్నాయి: ఏడాదిలో జమ లక్ష రూపాయలు దాటకూడదు, నెలలో తీసేది 10,000 దాటకూడదు, నిల్వ 50,000 దాటకూడదు. మొదట 12 నెలలు నడుస్తుంది. ఈలోగా ఆధార్ లాంటి దానికి దరఖాస్తు చేసినట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు పొడిగిస్తారు.

కౌంటర్లో "అలాంటిదేం లేదు" అంటారు. వాదన పెట్టుకోకుండా మేనేజర్ దగ్గరికి వెళ్లి, "సార్, రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లో స్మాల్ అకౌంట్ అని ఉంది కదా, ఒకసారి చూడండి" అని మర్యాదగా అడగండి. కుదరదంటే కుదరదని రాసివ్వమనండి. రాసివ్వమన్నాక మాట మెత్తబడటం నేను కళ్లారా చూశాను.

ఓటు పోయినట్టేనా?

పోలేదు. పీడీ యాక్ట్ లాంటి ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు తప్ప, జైల్లో ఉన్నంతకాలం ఓటు వేయడం కుదరదు, ప్రజా ప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ చెప్పేది అదే. కానీ లోపలున్నంత మాత్రాన జాబితాలో పేరు తీసేయకూడదని 2013 సవరణలో స్పష్టంగా రాశారు. బయటికి రాగానే ఓటు హక్కు మామూలే, శిక్ష పడినవాళ్లకైనా. ఇంట్లో లేరని ఎవరైనా తీయించి ఉంటే మాత్రం ఫారం 6 తో మళ్లీ చేరాలి. పేరు ఉండి కార్డు పోయినా, ఇల్లు మారినా ఫారం 8. జాబితాలో పేరుందో లేదో 1950 కు ఫోన్ చేసి అడగొచ్చు.

రేషన్ కార్డు?

ముందు డీలర్ దగ్గర వేలిముద్ర వేసే ఈ-పాస్ మిషన్‌లో మీ పేరు ఉందో లేదో చూడమనండి. ఉంటే ఈ-కేవైసీ వేలిముద్ర వేసేయండి. పేరు తొలగిపోయి ఉంటే మీ సేవలో సభ్యుణ్ని చేర్చే దరఖాస్తు పెట్టి, ఆ రసీదుతో మీ సర్కిల్ పౌర సరఫరాల ఆఫీసులో ఆరా తీయండి. మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం. మొదటి నెలల్లో పని దొరకని ఇంటికి అది చిన్న విషయం కాదు.

మహిళలకు ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కావాలంటే తెలంగాణ చిరునామాతో ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించాలి. జైలు నుంచి వచ్చిన ఆవిడకు అదే ఉండదు. ఉచిత బస్సు ఎక్కి కూడా టికెట్ కొనుక్కుని ఆధార్ సెంటర్‌కు పోవాలి. ఇంటివాళ్లు తీసుకెళ్లడానికి వస్తుంటే ఆమె ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ పట్టుకొస్తే ఆ మొదటి ప్రయాణమైనా సాఫీగా అవుతుంది.

పెళ్లయి, ఆధార్‌లో భర్త పేరు, ఆ ఇంటి చిరునామా ఉండి, ఆ ఇంటికి తిరిగి పోలేనివాళ్లు చాలామందే ఉన్నారు. చిరునామా పుట్టింటికి మార్చుకోవచ్చు, పైన చెప్పిన కుటుంబ పెద్ద దారిలో తల్లి ఆధార్ పనికొస్తుంది. భర్త అనుమతి ఎవరూ అడగకూడదు.

జైల్లో ఉండగా పుట్టిన బిడ్డకు బర్త్ సర్టిఫికెట్?

తప్పకుండా వస్తుంది. పుట్టిన చోటుగా జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం పేరు మాత్రమే రాయాలని 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీద వేసిన కేసే. ఆరేళ్ల వరకు పిల్లలు తల్లితో జైల్లో ఉండొచ్చని చెప్పింది కూడా ఆ తీర్పే. సర్టిఫికెట్‌లో జైలు అని పడి ఉంటే ఆ తీర్పు పేరు చెప్పి సరిచేయించండి. బిడ్డ బడికి వెళ్లే నాటికి ఆ కాగితం శుభ్రంగా ఉండాలి. అయిదేళ్లలోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు, బర్త్ సర్టిఫికెట్, తల్లి లేదా తండ్రి ఆధార్ చాలు.

ఆటో, క్యాబ్ నడుపుతా. లైసెన్సు గడువు లోపలుండగా అయిపోయింది.

గడువు ముగిసి ఏడాది దాటకపోతే మామూలు రెన్యువల్. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు. కాబట్టి తేదీ దగ్గర పడుతుంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆర్టీఏ పని చూసుకోండి.

పాన్, పాస్‌పోర్ట్, టెన్త్ మెమో?

పాన్ నంబరు చనిపోదు, కొత్తది తీసుకోకండి, రెండు ఉంటే 10,000 రూపాయల జరిమానా. ఆధార్‌తో కలపకపోతే పనిచేయకుండా ఆగి ఉంటుంది, కలిపితే మళ్లీ నడుస్తుంది. టెన్త్ మెమో పోతే, పోయినట్టు పోలీసుల సర్టిఫికెట్‌కు మీ సేవలో దరఖాస్తు చేసి, ఆ తర్వాత చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా డూప్లికేట్‌కు వెళ్లాలి. పాస్‌పోర్ట్‌కు కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి కావాలి. గత అయిదేళ్లలో రెండేళ్లకు తగ్గని శిక్ష పడి ఉంటే ఇవ్వకపోవచ్చు. గల్ఫ్‌కు పోదామనుకునేవాళ్లు దరఖాస్తులో కేసు దాచిపెట్టకండి, పోలీస్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది.

ఒకతను మూడు వేలిస్తే రెండు రోజుల్లో అన్నీ చేయిస్తానంటున్నాడు.

జైలు ముందు, ఆఫీసుల ముందు ఇలాంటివాళ్లు తిరుగుతుంటారు. వాళ్లు చేసేది మీరు క్యూలో నిలబడి చేసేదే, లేదంటే దొంగ చిరునామా కాగితం పెట్టడం. రెండోదైతే మీ మీద ఇంకో కేసు. బెయిల్ మీద ఉన్నవాళ్లకు బెయిల్ కూడా పోవచ్చు.

బెయిల్ వచ్చింది కానీ ష్యూరిటీ కాగితాలు లేక లోపలే ఉన్నాడు.

బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల దాటితే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తాను చూడొచ్చు. డబ్బు కట్టలేనివాళ్లకు కేంద్రం పథకం కింద విచారణ ఖైదీకి, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి సాయం ఉంది. అడిగితేనే కదులుతుంది.

ఇదంతా దయతో చేసేదా, మా హక్కా?

ఖైదీల విషయంలో ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న నెల్సన్ మండేలా నియమాలున్నాయి, ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించింది. అందులో 108వ నియమం విడుదలయ్యేవాళ్లకు తగిన పత్రాలు, గుర్తింపు కాగితాలు, ఉండడానికి చోటు, పని, ఒంటికి బట్ట, ఊరు చేరడానికి ఖర్చు అందేలా చూడాలంటుంది. ఆ వరసలో కాగితాలు అన్నిటికంటే ముందున్నాయి. రాసినవాళ్లకు సంగతి తెలుసు.

ఎవరిని అడగాలి? డబ్బులవుతాయా?

పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంది. ఫోన్ 15100. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. పని కోసం చూస్తున్నవాళ్లు వెల్ఫేర్ ఆఫీసర్‌ను జైళ్ల శాఖ పెట్రోల్ బంకుల గురించి అడగండి, విడుదలైనవాళ్లకు కూడా అక్కడ పని ఇచ్చారు.

ఆధార్ ప్రింటును లామినేషన్ చేయించాలా? ప్లాస్టిక్ కార్డే కావాలంటారా?

మామూలు కాగితం ప్రింటు కూడా అంతే చెల్లుతుంది. లామినేషన్ చేయిస్తే క్యూఆర్ కోడ్ మీద మెరుపు పడకుండా చూసుకోండి, కొన్నిచోట్ల స్కాన్ కాదంటారు. ఒక జిరాక్సు జేబులో, ఒకటి ఇంట్లో డబ్బాలో, ఒకటి లాయర్ ఫైల్లో. నాకు తెలిసిన ఒకావిడ తన కొడుకు ఆధార్ నంబరును ఇంటి గోడ మీద దేవుడి పటం పక్కన బొగ్గుతో రాసిపెట్టింది. పోయిన దసరాకు సున్నం వేస్తూ ఆ ముక్క మాత్రం వదిలేశారు.